ఇంతకీ అడ్డుకున్నది ఎవరు? ఇంటి కంప్యూటర్‌లో యాంటీవైరస్ పేచీలు

రాజమండ్రి నుంచి మా బాబాయి ఫోన్ చేశారంటే రెండే కారణాలు. ఒకటి పెళ్లి సంబంధం, రెండోది కంప్యూటర్. మొన్న సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఫోన్ రెండో రకం.

“ఒరేయ్, పది నిమిషాలకోసారి కింద మూలన ఓ డబ్బా లేచి, వెబ్‌సైటు ఆపేశాను అంటోంది. నేను ఏ సైటూ తెరవలేదు, పేపరు చదువుకుంటున్నాను. అదొకటి. పొద్దున్నే కరెంటు బిల్లు కడదామంటే ఆ సైటు రాదు, రక్షణ లేదని ఎర్ర గుర్తు ఒకటి. సాయంత్రానికి అదే పచ్చగా మారిపోతుంది. ఇదేం రోగంరా?”

బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అందుకే లక్షణాలు వరసగా చెప్పారు. నేనే ఇవన్నీ ఒకే జబ్బు అనుకుని పప్పులో కాలేశాను.

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు మనలో చాలామంది ఇచ్చే సలహా ఒకటే: “యాంటీవైరస్ ఓసారి ఆఫ్ చేసి చూడండి.” ఆఫ్ చేస్తారు, సైటు తెరుచుకుంటుంది, అందరూ హాయిగా ఫోన్ పెట్టేస్తారు. ఆ తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. గడియ పట్టేసిందని తలుపే ఊడదీసి పక్కన పెట్టినట్టు. అసలు ఆపింది యాంటీవైరసేనా అన్నది కూడా అప్పటికి ఎవరూ చూసి ఉండరు. ఎందుకంటే ఒక సైటు మన తెర మీదికి రావడానికి చాలా గేట్లు దాటాలి: బ్రౌజర్, యాంటీవైరస్, విండోస్‌లోని నెట్‌వర్క్ సెట్టింగులు, ఇంట్లో రూటర్, ఆపైన ఇంటర్నెట్ కంపెనీ. వీటిలో ఎవరైనా “వద్దు” అనొచ్చు. ఒక్కొక్కరు వద్దనే తీరు ఒక్కోలా ఉంటుంది.

ముందు ఆ మూలన లేచే డబ్బా సంగతి. “బాబాయ్, అందులో ఏముందో అక్షరం వదలకుండా చదవండి” అన్నాను. ఆయన కళ్లజోడు తెచ్చుకునే లోపు డబ్బా మాయమైంది. ఇది అందరికీ జరిగేదే. కంగారు అక్కర్లేదు, యాంటీవైరస్ తెరిస్తే హిస్టరీ అనో లాగ్స్ అనో ఒక పేజీ ఉంటుంది, అన్నీ అక్కడ రాసి ఉంటాయి. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అయితే ప్రొటెక్షన్ హిస్టరీ అంటుంది. బాబాయి అక్కడ చదివింది ఇది: సైటు పేరు ఉండాల్సిన చోట ఖాళీ, దాని కింద చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు (అంటే అవతలి కంప్యూటర్ అంకెల చిరునామా), ఆ చిరునామాలో ఏ తలుపో చెప్పే ఒక పోర్ట్ నంబరు, ఔట్‌బౌండ్ అంటే బయటికి అనే మాట, చివర ఒక ఫైలు పేరు.

నా దృష్టిలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ చివరి లైను ఒక ఎత్తు. బయటికి వెళ్లబోయింది ఏ ప్రోగ్రామో అది చెబుతుంది. క్రోమ్ పేరుంటే ఏదో ట్యాబ్‌లోని ప్రకటనో, బ్రౌజర్‌కి తగిలించుకున్న ఎక్స్‌టెన్షనో కారణం. ఎస్‌వీసీహోస్ట్ అని ఉంటే కొంచెం చిక్కే, విండోస్‌లోని చాలా సర్వీసులు ఆ ఒక్క పేరుతోనే నడుస్తాయి. అర్థం పర్థం లేని అక్షరాల పేరుతో, టెంప్ ఫోల్డర్‌లోంచి నడుస్తున్న ఫైలైతే మాత్రం టెన్షన్ పడాల్సిందే. బాబాయి చదివిన పేరు ఒక టొరెంట్ ప్రోగ్రామ్‌ది. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడు సినిమాల కోసం ఎక్కించి, తీసేయకుండా వెళ్లిపోయాడు. కంప్యూటర్ వెలగ్గానే అది తనంతట తాను మొదలై, ఎక్కడెక్కడి అపరిచితుల కంప్యూటర్లతోనో చేతులు కలుపుతూ ఉంటుంది. ఆ చిరునామాల్లో కొన్ని యాంటీవైరస్ దగ్గరున్న చెడ్డ జాబితాలో ఉంటాయి. తగిలినప్పుడల్లా ఒక డబ్బా. అంటే యాంటీవైరస్ తన పని తాను బుద్ధిగా చేస్తోంది. టొరెంట్ తీసేశాం, డబ్బాలు ఆగాయి.

ఔట్‌బౌండ్ బదులు ఇన్‌బౌండ్ అని ఉంటే కథ వేరు, బయటివాళ్లు మన తలుపు తడుతున్నారన్నమాట. ఇంటి రూటర్లు మామూలుగా అలాంటివాళ్లను వాకిట్లోనే ఆపేస్తాయి. ఇంటి నుంచి షాపులోని ట్యాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ దారి తెరిచి పెట్టుకున్న చిన్న వ్యాపారుల కంప్యూటర్లలో పోర్ట్ 3389 మీద ఈ ఇన్‌బౌండ్ లైన్లు వరస కడతాయి. వాళ్లు సరిచేయాల్సింది యాంటీవైరస్‌ని కాదు, ఆ తెరిచిన దారిని.

ఇక మంచి సైట్లు కూడా ఎందుకు ఆగుతాయి? ఈ అడ్డుకోవడమంతా చాలావరకు జాబితాల పని. ఏ పేర్లు చెడ్డవి, ఏ అంకెల చిరునామాలు చెడ్డవి అని కంపెనీలు రాసుకుంటూ, రోజుకు ఎన్నోసార్లు మన కంప్యూటర్‌కి పంపుతుంటాయి. ఒకే అంకెల చిరునామా మీద వందల సైట్లు నడవడం చౌక హోస్టింగుల్లో మామూలు. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్‌లో దొంగ దొరికాడని గేటుకే తాళం వేస్తే మిగతావాళ్లు ఏమవుతారో, మీ ఊరి స్కూలు సైటు కూడా అదే అవుతుంది. లేదా ఆ స్కూలు సైటునే ఎవరో హ్యాక్ చేసి లోపల చెత్త పెట్టి ఉండొచ్చు, స్కూలువాళ్లకే తెలియకుండా. అందుకే “నాకు తెలిసిన సైటే, భయం లేదు” అనేది గట్టి వాదన కాదు.

జాబితా రాసేవాళ్లు పొరబడ్డ రోజులూ ఉన్నాయి. 2009 జనవరి 31న గూగుల్‌లో ఏది వెతికినా ప్రతి ఫలితం కిందా “ఈ సైటు మీ కంప్యూటర్‌కి హాని చేయవచ్చు” అని వచ్చింది. చెడ్డ సైట్ల జాబితాలో ఎవరో పొరపాటున ఒక్క ఏటవాలు గీతను, అంటే స్లాష్ గుర్తును చేర్చారు. ఆ గుర్తు లేని వెబ్ అడ్రస్ ఉండదు కాబట్టి లోకంలోని సైట్లన్నీ చెడ్డవైపోయాయి. సుమారు గంట సేపు. 2022 సెప్టెంబరులో మాల్‌వేర్‌బైట్స్ అనే యాంటీవైరస్ ఏకంగా గూగుల్‌నీ యూట్యూబ్‌నీ ఆపేసింది, ఆ తర్వాత కంపెనీయే సరిదిద్దింది. అదే నెల మొదట్లో డిఫెండర్, క్రోమ్ తెరిచినప్పుడల్లా హైవ్ అనే పేరుతో లేని ముప్పును చూపించి చాలామందిని హడలగొట్టింది. అంతకుముందు 2018 జనవరి 27న మాల్‌వేర్‌బైట్స్ పంపిన ఒక అప్‌డేట్ దెబ్బకు కంప్యూటర్ల మెమరీ అంతా ఆ ప్రోగ్రామే మింగేసింది, వెబ్ రక్షణ ఆగిపోయింది.

కంచే చేను మేసిన సందర్భాలు ఇంకా పెద్దవి. 2010 ఏప్రిల్ 21న మెకఫీ ఒక అప్‌డేట్‌లో విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది. అది లేకపోతే విండోస్ బతకదు, కంప్యూటర్లు లేవడం పడిపోవడం మొదలుపెట్టాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ చేసిన పొరపాటుకు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేశాయి. దాని ప్రోగ్రామ్ ఇళ్లల్లో వాడేది కాదు, పెద్ద సంస్థలది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది.

అందుకే నేను పాటించే పద్ధతి ఒకటుంది. నిన్నటిదాకా బాగా వచ్చిన పెద్ద సైట్లు ఒక్కసారిగా అన్నీ ఆగిపోతే ఏదీ పీకేయను. ఒక గంట ఆగి, యాంటీవైరస్‌లో అప్‌డేట్ నొక్కి, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తాను. తప్పు వాళ్లదైతే ఈపాటికి లక్షలమంది గగ్గోలు పెట్టి ఉంటారు, దిద్దుబాటు దారిలో ఉంటుంది. ఒక్క సైటే ఆగితే అప్పుడు విచారణ మొదలు.

విచారణ కష్టం కాదు. తెర మొత్తం ఎర్రగా మారి ప్రమాదకరమైన సైటు అని వస్తే అది బ్రౌజర్ మాట. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ గూగుల్ వాళ్ల సేఫ్ బ్రౌజింగ్ జాబితా చూస్తాయి, ఎడ్జ్ మైక్రోసాఫ్ట్ వాళ్ల స్మార్ట్‌స్క్రీన్ చూస్తుంది. యాంటీవైరస్‌కి మాత్రం పేరు చెప్పుకునే అలవాటు ఎక్కువ, మామూలుగా తన బొమ్మ వేసుకునే ఆపుతుంది. ఏ బొమ్మా లేకుండా తెల్లటి పేజీలో సైటు చేరుకోలేకపోయాం అని వస్తే అసలు పని అప్పుడే. జేబులోంచి ఫోన్ తీసి, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే సైటు తెరవండి. అక్కడా రాకపోతే సైటే పడుకుని ఉండొచ్చు. వస్తే, ఫోన్ హాట్‌స్పాట్‌కి కంప్యూటర్‌ని కలిపి చూడండి. హాట్‌స్పాట్ మీద కంప్యూటర్‌లోనూ వచ్చిందంటే మీ కంప్యూటర్ నిర్దోషి, రూటరో ఇంటర్నెట్ కంపెనీయో ఆపుతోంది. హాట్‌స్పాట్ మీద కూడా కంప్యూటర్‌లో రాకుండా ఫోన్‌లో మాత్రం వస్తుంటే నేరం కంప్యూటర్ లోపలే ఉంది. ఐదు నిమిషాల పని. యాంటీవైరస్ జోలికి వెళ్లకుండానే సగం అనుమానితులు తప్పుకుంటారు.

మన దేశంలో ఆ చివరి గేటును మర్చిపోకూడదు. 2022లో వీఎల్‌సీ ప్లేయర్ అసలు వెబ్‌సైటు మన దగ్గర చాలా నెలలు తెరుచుకోలేదు. ప్రభుత్వ ఆదేశంతో ఇంటర్నెట్ కంపెనీలు ఆపాయి, నవంబరులో నిషేధం తీసేశారు. ఆ నెలల్లో ఎంతమంది తమ యాంటీవైరస్‌ని తిట్టుకుని ఉంటారో! అసలు సైటు రాక ఎక్కడెక్కడి నకిలీ సైట్ల నుంచో ప్లేయర్ దించుకుని నిజంగానే వైరస్ తెచ్చుకున్నవాళ్లు ఎందరో.

రూటర్ గేటు తరచూ మనం మర్చిపోయిన మన పనే. పిల్లల కోసం ఎవరో రూటర్‌లో డీఎన్‌ఎస్, అంటే సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టే సర్వర్, మార్చి 1.1.1.3 అని పెట్టి ఉంటారు. అది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, వైరస్ సైట్లనూ పెద్దల సైట్లనూ రెంటినీ ఆపుతుంది. రెండేళ్ల తర్వాత ఒక సైటు రాకపోతే ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఒక బ్రౌజర్‌లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోవడం కూడా ఇందుకే కావచ్చు. కొన్ని బ్రౌజర్లు రూటర్ చెప్పిన డీఎన్‌ఎస్‌ని పక్కనపెట్టి సెక్యూర్ డీఎన్‌ఎస్ పేరుతో సొంత దారి పట్టుకుంటాయి.

ఇప్పుడు బాబాయి రెండో రోగం: పొద్దున రక్షణ లేదు, సాయంత్రం ఉంది. నాకు తట్టిన మొదటి అనుమానం ఒకే గేటుకు ఇద్దరు వాచ్‌మెన్లు. కంప్యూటర్ అమ్మినవాళ్లు వేసిన ట్రయల్ ఒకటి, తర్వాత డబ్బు కట్టి కొన్నది ఒకటి. రెండూ ప్రతి ఫైలునూ తామే ముందు చూడాలని పోటీ పడతాయి, ఒకదాన్ని చూసి ఇంకోటి మొరుగుతుంది. డిఫెండర్ మాత్రం మర్యాదస్తురాలు, వేరే యాంటీవైరస్ వచ్చిందని తెలియగానే తాను పక్కకు జరుగుతుంది. చిక్కేమిటంటే పాతదాన్ని సగం తీసేసి వదిలేస్తే దాని పేరు విండోస్ చిట్టాలో మిగిలిపోతుంది. ఊళ్లో లేని వాచ్‌మన్ ఉన్నాడనుకుని డిఫెండర్ పడుకునే ఉంటుంది. దీనికి మందు, ఆ కంపెనీయే ఇచ్చే రిమూవల్ టూల్‌తో మొదలంటా తీసేయడం, ఆ తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, షట్‌డౌన్ చేసినా విండోస్ సగం కునుకులోనే ఉంటుంది. రీస్టార్ట్ కొడితేనే పూర్తిగా లేస్తుంది.

ట్రయల్ గడువు తీరడం ఇంకో కారణం. ఉచితంగా వాడుకోనిచ్చే కొన్ని ప్రోగ్రాములు గడువు అయ్యాక స్కాన్ ఒక్కటే చేస్తాయి, సైట్లను ఆపే మీట నొక్కినా కదలదు. అది చెడిపోలేదు, డబ్బు అడుగుతోంది. ఇష్టం లేకపోతే దాన్ని తీసేసి డిఫెండర్‌కి పని అప్పగించండి. మామూలు ఇంటికి డిఫెండర్ చాలు అన్నది నా అభిప్రాయం. కంప్యూటర్ షాపువాళ్లు ఒప్పుకోరు, వాళ్ల బల్ల మీద లైసెన్సు డబ్బాలు ఉంటాయి.

మూడో కారణం నాకు నచ్చనిది. ఇంటి కంప్యూటర్‌లో డిఫెండర్ తెరిస్తే “ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది” అని వస్తుంది. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ ఎవరు, మీరే కదా? చాలాసార్లు అసెంబుల్ చేసినతను దొంగ విండోస్ వేసి, దాన్ని అసలుదిలా నడిపించే యాక్టివేటర్‌ని డిఫెండర్ పట్టుకోకుండా దాని గొంతు నొక్కి వెళ్లి ఉంటాడు. ఎక్స్‌క్లూజన్స్ అనే పేజీ చూడండి. అందులో సి డ్రైవ్ మొత్తం మినహాయింపుగా ఉంటే ఇల్లంతా కాపలా కాయవద్దని రాసిచ్చినట్టే. వైరస్‌లు కూడా దూరగానే చేసే పనుల్లో ఇదొకటి. అలాంటి కంప్యూటర్‌ని రిపేరు చేస్తూ కూర్చోను. ఫొటోలూ కాగితాలూ తీసుకుని ఫార్మాట్ చేస్తాను.

దొంగలు కూడా సైట్లను అడ్డుకుంటారు, ఇది చాలామందికి తెలియదు. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే పురుగు సోకిన కంప్యూటర్‌లో మిగతా సైట్లన్నీ వస్తాయి, యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రం రావు. మందుల షాపు దారి మూసేయడమన్నమాట. ఆ రోజుల్లో కంటి డాక్టరు చార్టు లాంటి ఒక పేజీ పెట్టారు. అందులోని కొన్ని బొమ్మలు ఆ కంపెనీల సైట్ల నుంచే రావాలి, అవి కనపడకపోతే పురుగు ఉందని అర్థం. పాత కిటుకు ఇంకోటి హోస్ట్స్ ఫైలు. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే వరసలో చివర ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలుగా హ్యాష్ గుర్తుతో మొదలయ్యే నోట్సు లైన్లే కనిపిస్తాయి. అలా కాకుండా యాంటీవైరస్ కంపెనీ పేరు పక్కన 127.0.0.1 అని ఉంటే, ఆ సైటుకు వెళ్లబోయిన కంప్యూటర్ తిరిగి తన గుమ్మంలోకే వస్తుంది. అప్‌డేట్లు ఆగిపోవడానికి ఇది చాలు. డీఎన్‌ఎస్‌ఛేంజర్ ముఠా అయితే 40 లక్షలకు పైగా కంప్యూటర్ల డీఎన్‌ఎస్‌నే తమ సర్వర్లకు మళ్లించింది. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆ ముఠా ఆట కట్టించాక, ఆ సర్వర్లను ఉన్నట్టుండి ఆపేస్తే అందరికీ నెట్ పోతుందని 2012 జూలై 9 దాకా నడపాల్సి వచ్చింది.

ఇలాంటి అనుమానం ఉంటే డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టండి. విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. దాక్కోవడానికి వైరస్‌కి అప్పటికి ఇల్లే కట్టి ఉండదు.

కింద మూలన లేచేవన్నీ యాంటీవైరస్ మాటలేననుకోవద్దు. ఏదో సైటులో ఒకసారి అలౌ నొక్కిన పాపానికి, యాంటీవైరస్ కంపెనీ బొమ్మతో “మీ గడువు తీరింది, 5 వైరస్‌లు దొరికాయి” అని బ్రౌజర్ నోటిఫికేషన్లు వస్తుంటాయి. ఆ డబ్బాలో సన్నగా క్రోమ్ పేరూ ఏదో సైటు పేరూ కనిపిస్తాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటును తీసేస్తే పోతుంది, స్కాన్ అక్కర్లేదు. తెర నిండా సైరన్ మోగుతూ ఫోన్ నంబరు కనిపిస్తే చెయ్యొద్దు, మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

నిజంగా మంచి సైటే పొరపాటున ఆగిందని తేలితే మినహాయింపు ఇవ్వండి, ఆ ఒక్క సైటు పేరుకే. ఫోల్డరుకో ప్రోగ్రాముకో ఇవ్వొద్దు. తప్పుగా పట్టుకున్నారని కంపెనీకి కూడా చెప్పండి, అందుకు వాళ్ల సైట్లలో ఫారం ఉంటుంది. అన్నీ సర్దాక కాపలాదారు మెలకువగా ఉన్నాడో లేదో చూడటానికి ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల వరస, ఏ హానీ చేయదు, కానీ పేరున్న యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పందం. దించబోతే కేక వేయాలి. వేయకపోతే నిద్రపోతున్నట్టే.

బాబాయి కంప్యూటర్ సాయంత్రం కేక వేసింది. మర్నాడు పొద్దున మళ్లీ ఎర్ర గుర్తు. పాత ట్రయల్ తీసేశాం, రీస్టార్ట్ అయింది, హోస్ట్స్ ఫైలు చూశాం, వారం గడిచింది. చివరికి వీడియో కాల్‌లో తెర చూపించమంటే, కుడివైపు కింద తేదీ పదేళ్ల వెనక ఉంది. బాబాయికి రాత్రి పడుకునేముందు స్విచ్‌బోర్డు దగ్గర మెయిన్ ఆపే అలవాటు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయి, కరెంటు పోగానే గడియారం మొదటికి వస్తోంది. తేడా 15 గంటలు దాటితే ఇంటి కంప్యూటర్లలో విండోస్ మామూలుగా తనంతట తాను సరిచేయదు. తేదీ తప్పితే యాంటీవైరస్ లైసెన్సు చెల్లదు, సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు. సాయంత్రం మనవరాలు బడి నుంచి రాగానే తేదీ మార్చి తన పని చేసుకుంటోంది. అదొక సమస్య అని ఆ పిల్లకి తోచలేదు, ఎవరికీ చెప్పలేదు.

“బాబాయ్, బిల్లు సైటు రానప్పుడు క్రోమ్ ఏమీ రాయలేదా?”

“రాసింది. నీ గడియారం వెనకబడి ఉంది అంది. నా వాచీ చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.”